ఫ్రిజ్ తలుపు మీద అడోబో లెక్క

గిన్నెలో వెనిగర్ పోశాక అది తెర్లి, పచ్చివాసన పోయేదాకా గరిటె పెట్టకూడదు. తొందరపడి కలిపామా, ఆ పులుపు పచ్చిగానే ఉండిపోయి కూరంతా నాలుకను కోస్తుంది. మూత తీసేసి, చేతులు కట్టుకుని, ఊరికే నిలబడాలి. వంటగదిలో ఊరికే నిలబడటం నాకు పుట్టుకతో వచ్చిన విద్య కాదు. అది నేర్పినావిడ పేరు లీటా, ఫిలిప్పీన్స్ మనిషి. నేను ఆస్ట్రేలియా వచ్చిన కొత్తలో డార్విన్‌లో వాళ్లింట్లో ఓ గది అద్దెకు తీసుకుని ఉన్నాను. ఆవిడ పోయి మూడు వారాలైందని కూతురు మేరీ ఫోన్ చేసి చెప్పింది. ఆ తర్వాత పోస్టులో ఒక కవరు వచ్చింది. అమ్మ సామాను సర్దుతుంటే ఫ్రిజ్ తలుపు మీద కనిపించింది, ఇది మీదే కదా, అని రెండు ముక్కలు రాసి, లోపల నాలుగు మడతల కాగితం ఒకటి పెట్టింది.

మడత విప్పగానే నీలం ఇంకుతో నా చేతిరాత కనిపించింది. పైన అయస్కాంతం పెట్టినచోట గుండ్రటి తుప్పు మచ్చ, కింద సోయా సాస్ మరక. రెండో వైపు ఎర్ర ఇంకుతో ఏముందో నాకు తెలుసు. తిప్పి చూడటానికి మనసొప్పలేదు. నీలం వైపే పైకి ఉంచి, ఎగిరిపోకుండా ఉప్పు డబ్బా దాని మీద పెట్టి, కోడిముక్కలు కడగటం మొదలుపెట్టాను. మనిషి పోయిందని తెలిస్తే కూర్చుని ఏడవాలి గానీ పొయ్యి వెలిగించటమేమిటని మా అమ్మ ఉంటే అనేది. నాకు ఏడుపు వెనిగర్ తెర్లేటప్పుడు వచ్చింది. ఆ ఘాటుకు ఎవరికైనా కళ్లనీళ్లొస్తాయి కాబట్టి సంజాయిషీ చెప్పుకోవలసిన పని లేకపోయింది.

ఇప్పుడు మేముండేది మెల్‌బోర్న్ పడమటి చివర టార్నీట్‌లో. వీధికి పది తెలుగిళ్లు, స్టేషన్‌కు వెళ్తే అందరూ తెలిసినవాళ్లే. మా ఆయన పని మీద పెర్త్ వెళ్లారు. ఇంట్లో నేనూ, యూనిలో రెండో ఏడు చదువుతున్న మా అమ్మాయి మేఘన. ముందు గదిలో స్రవంతి అనే వరంగల్ అమ్మాయి అద్దెకుంటోంది. పొద్దున చదువు, సాయంత్రం వృద్ధాశ్రమంలో డ్యూటీ. ఎప్పుడు పలకరించినా "తిన్న ఆంటీ" అని నవ్వి, గదిలోకి వెళ్లి తలుపేసుకుంటుంది. మంచిపిల్ల, ఎవరినీ ఇబ్బంది పెట్టదు అని మా ఆయనతో అంటూ ఉంటాను.

నేను డార్విన్ చేరిందీ దాదాపు ఆ వయసులోనే. చీరాల దగ్గర మా ఊరు. హోమ్ సైన్స్ చదివి, ఆ పైన పోషకాహారం మీద చదువుకోవటానికి ఇక్కడికి వచ్చాను. చివరి ఏడు ఆసుపత్రిలో పని నేర్చుకోవాలి. తోటివాళ్లందరూ సిడ్నీ, మెల్‌బోర్న్ పంచుకోగా మిగిలిన డార్విన్ నాకు దక్కింది. విమానం దిగగానే ఎవరో తడి దుప్పటి మొహాన కప్పినట్టయింది. వానలకు ముందు వచ్చే ఉక్క నెలలవి, అక్కడివాళ్లు బిల్డప్ అంటారు. చీరాల ఎండలో పుట్టినదాన్ని నాకేం లెక్క అనుకున్నదాన్ని, రెండో రోజుకే చల్లనీళ్ల కుళాయి కింద తల పెట్టాను. కుళాయిలోనూ వేడినీళ్లే వచ్చాయి.

ఆసుపత్రి వంటశాలలో రోగుల ట్రేలు సర్దే పని లీటాది. గది కోసం వెతుకుతున్నానని ఎవరి ద్వారానో తెలిసి, మొదటి వారంలోనే నా చేయి పట్టుకుని వాళ్లింటికి తీసుకుపోయింది. తనను టీటా అని పిలవమంది. టీటా అంటే వాళ్ల భాషలో పిన్నో, అత్తో, ఏదైనా సరిపోతుంది. ఆవిడ భర్త పేరు నెస్టర్, మగవాళ్లకైతే టీటో, కాబట్టి టీటో నెస్టర్. రేవులో వెల్డింగ్ పని చేసి రిటైరైన మనిషి, మాట తక్కువ. స్తంభాల మీద లేచిన పాత ఇల్లు. కిటికీలకు అద్దాల పలకలు, వాటి సందుల్లోంచి గాలీ బల్లులూ కలిసి వచ్చేవి. మెట్లెక్కగానే వంటగది, ఫ్రిజ్, దాని పక్కన భోజనాల బల్ల. బల్ల దాటుకుని వెళ్తే చివర నా గది. అంటే నేను ఎటు వెళ్లినా ఆ బల్ల పక్కనుంచే వెళ్లాలి.

ఆదివారం చర్చి నుంచి రాగానే టీటా అడోబో ఎక్కించేది. పంది పొట్టమాంసం కొంత, కోడి తొడలు కొంత, దంచిన వెల్లుల్లి రెండు పాయలు, మిరియాలు, బిర్యానీ ఆకు, సోయా సాస్, వెనిగర్. అంతే, ఉల్లిపాయ కూడా లేదు. చింతపండు చేసే పనంతా అక్కడ వెనిగర్ చేస్తుంది. వేడి దేశంలో ఫ్రిజ్‌లు లేని కాలంలో మాంసం చెడకుండా ఉండటానికి కనిపెట్టిన వంట అది. మా ఇంట్లో చేపల పులుసు మర్నాటికి రుచి తేలినట్టే, అడోబో కూడా వండిన రోజు ఒకలా, మర్నాడు ఇంకోలా ఉంటుందని టీటా అనేది. ఆ వాసన ఇంట్లోనే కాదు, ఆరేసిన నా బట్టల్లో కూడా ఉండేది. మొదట్లో విసుక్కున్నాను. తర్వాత ఆదివారం వచ్చిందని దాన్ని బట్టే తెలిసేది.

వాళ్లకో ఆచారముంది. తింటున్నప్పుడు ఎవరు పక్కనుంచి వెళ్లినా "కాయిన్ తాయో" అంటారు. రండి, తిందాం అని. పోస్టుమ్యాన్ మెట్లెక్కి వచ్చినా అనేవారు. టీటో నెస్టర్ మిగతా రోజంతా నాతో పది మాటలు మాట్లాడేవారో లేదో గానీ, సాయంత్రం నేను గదికి వెళ్తుంటే తలెత్తి ఆ మాట మాత్రం తప్పకుండా అనేవారు. నేను తప్పకుండా "తిన్నానండి" అనేదాన్ని, ఇంగ్లీషులో. సగం రోజులు అబద్ధమే. మన దగ్గర పిలిచిన వెంటనే కూర్చుంటే ఆశపోతు అనుకుంటారు కదా. రెండోసారి, మూడోసారి చెయ్యి పట్టుకుని లాగితే అప్పుడు కూర్చోవాలి. వాళ్లు చెయ్యి పట్టుకుని లాగేవారు కాదు. పైగా పంది మాంసం. కోడీ చేపా తిని పెరిగిన ఇల్లే మాది, అయినా ఆ బల్ల మీద ఏ ముక్క ఏదో తెలియక, అడిగితే నొచ్చుకుంటారేమోనని, అసలు కూర్చోకపోతే గొడవే లేదనుకున్నాను. గదిలో నా చిన్న కుక్కర్, నా పప్పన్నం, నా పుస్తకం. ఎవరినీ ఇబ్బంది పెట్టని మంచిపిల్లనని నాకు నేనే ఇచ్చుకున్న కితాబు కూడా ఉండేది.

అలా రెండు నెలలు గడిచాక టీటో నెస్టర్‌కు బీపీ పెరిగిందని డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు, డైటీషియన్ దగ్గరకు వెళ్లమని చీటీ కూడా రాసిచ్చాడు. టీటా ఆ చీటీ మడిచి పర్సులో పెట్టుకుని, మా ఇంట్లోనే డైటీషియన్ ఉందని డాక్టరుతో చెప్పి వచ్చిందట. ఇంకా పరీక్ష కూడా పాసవని నన్ను. ఆ మాట వినగానే కాళ్లు నేల మీద ఆనలేదు. అప్పటిదాకా ఆసుపత్రిలో పెద్దవాళ్ల వెనక నోటు పుస్తకం పట్టుకుని తిరిగినదాన్ని. ఇప్పుడు నాకంటూ ఒక మనిషి, నా సలహా మీద ఆధారపడిన మనిషి. పైగా చదువులో భాగంగా ఏదైనా ఒక సంప్రదాయ వంట తీసుకుని దాని పోషక విలువలు లెక్కగట్టి రాయాలి. ఒక్క దెబ్బకు రెండు పనులూ అయిపోతాయనుకున్నాను.

ఆ ఆదివారం ఆసుపత్రి నుంచి త్రాసు అడిగి తెచ్చుకుని వంటగదిలో దిగాను. టీటా చేతిలోది ప్రతిదీ లాక్కుని తూచాను. పొట్టమాంసం తూచి, కోడి తూచి, వెల్లుల్లి పొట్టు తీయకముందు ఒకసారి, తీశాక ఒకసారి తూచాను. ఆవిడ సోయా సాస్ ఎప్పుడూ సీసా వంచి పోస్తుంది, కొలత ఎరగదు. వంచబోతే చెయ్యి పట్టుకుని ఆపి, గిన్నెలో పోయించి తూచాను. వెనిగర్ పోసి గరిటె అందుకోబోయాను. అప్పుడే ఆవిడ నా చేతిమీద చిన్నగా చరిచి, పొంగేదాకా ముట్టుకోవద్దంది. ఇద్దరం చేతులు కట్టుకుని నిలబడ్డాం. ఆవిడ ముఖంలో ఏదో పండగ కళ ఉంది. అదంతా నా శాస్త్రజ్ఞానం మీద గౌరవమనుకున్నాను.

గదిలోకి వెళ్లి, పట్టికలు ముందేసుకుని లెక్క కట్టాను. మాంసకృత్తులు బాగున్నాయి, ఇనుము ఫరవాలేదు. కొవ్వు చూస్తే గుండె గుభేలుమంది. ఉప్పు చూస్తే కొవ్వే నయమనిపించింది. గిన్నెలో పడిందంతా కూడి, ఇంట్లో ఉన్నది ఇద్దరు కాబట్టి రెండుతో భాగించాను. మూడు పూటలకు పంచినా ఒక్కో పూటకు ఆయన రోజంతా తినదగిన ఉప్పుకంటే ఎక్కువే వచ్చింది. ఎందుకంటే నా లెక్కలో పులుసు చుక్క మిగలలేదు. మా ఇంట్లో పులుసంటే గిన్నె అడుగు కనిపించేదాకా అన్నంలో కలుపుకునేదే. ముక్క ఎవరికి దక్కినా దక్కకపోయినా పులుసు అందరికీ దక్కాలి. చివర గిన్నెలో పిడికెడు అన్నం వేసి తుడిచి మా నాన్న నోట్లో పెట్టుకునేవారు. లోకంలో పులుసు మిగిల్చే ఇల్లొకటి ఉంటుందని నాకు ఊహకు కూడా తట్టలేదు.

ఒక తెల్ల కాగితం తీసుకుని ఎర్ర ఇంకుతో రాశాను. పైన అడోబో. దాని కింద ఎంతమందికి, 2. ఆ కింద కొవ్వు, ఉప్పు, వాటి కింద గీతలు. చివరగా నెలకు ఒక్కసారి మించరాదు, తోలు తీసిన కోడి రొమ్ముముక్క మాత్రమే, సోయా సాస్ వద్దు. ఫ్రిజ్ తలుపుకు నేనే స్వయంగా అంటించాను. టీటా అద్దాలు పెట్టుకుని మొత్తం చదివి, బావుంది, చాలా శ్రమపడ్డావు అంది. టీటో కూడా వచ్చి చదివి తలూపారు. ఇద్దరూ ఒక్క ప్రశ్న అడగలేదు. వాళ్లు అడగకపోతే అర్థమైందనుకున్నాను. పెద్దవాళ్లు ఎదురు చెప్పకపోవటానికి మన ఇళ్లల్లోనే వంద కారణాలుంటాయి, ఆ సంగతి అప్పుడు గుర్తు రాలేదు.

మరుసటి ఆదివారం ఇంట్లో వాసన లేదు. తెల్లగా ఉడికించిన కోడి, పక్కన అన్నం. టీటో నెస్టర్ మామూలుగానే "కాయిన్ తాయో" అన్నారు, నేను మామూలుగానే తిన్నానన్నాను. అలా ఆరు వారాలు. ఉక్క పోయి వానలు వచ్చాయి. రోజూ ఆ కాగితం పక్కనుంచే వెళ్లేదాన్ని. ఒక్కసారి కూడా ఆగి చదవలేదు, నేను రాసింది నాకు తెలియనిదా అని. నెల తిరిగేసరికి ఆయన బీపీ తగ్గింది. ఆ సంగతి మా అమ్మకు ఫోన్ కార్డు అయిపోయేదాకా చెప్పాను. ఆయన చేతి గడియారం మణికట్టు మీంచి జారి మోచేతి దాకా వెళ్తోందని కూడా చూశాను. చూసి, బరువు తగ్గటం మంచిదేగా అనుకున్నాను.

ఒకరోజు పొద్దున వానలో మెట్లు దిగుతూ ఆయన కళ్లు తిరిగి పడ్డారు. నేను అప్పటికే ఆసుపత్రికి వెళ్లిపోయాను, నాకు తెలియదు. రాత్రి తిరిగొచ్చేసరికి కరెంటు లేక ఇల్లంతా చీకటి, ఇద్దరూ పడుకున్నారనుకుని నా గదిలోకి వెళ్లిపోయాను. మర్నాడు వార్డులో నేను చూడవలసిన వాళ్ల జాబితా చేతికిచ్చారు. సరిగా తినక నీరసించిపోయిన రోగుల జాబితా అది. రెండో పేరు ఆయనది. అదే పేరున్న ఇంకెవరో అనుకుంటూ మంచం దగ్గరకు వెళ్లాను. ఆయన నన్ను చూసి లేచి కూర్చోబోయారు. ఎదురుగా ట్రే ఉంది. రాత్రి పోయిన కరెంటు గురించి, టీటా గురించి ఏదో అడిగాను. ఏం తింటున్నారని మాత్రం అడగలేకపోయాను.

అడిగింది మా పై అధికారిణి. నెరిసిన జుట్టు, చేతిలో ఎప్పుడూ ఒక చెంచా, ఒక చిన్న గిన్నె. ఆ చెంచా ఎందుకో నాకు అప్పటిదాకా తెలియదు. ఆవిడ మంచం పక్కన కూర్చుని, ఇంట్లో ఇదివరకు ఇష్టంగా ఏం తినేవారని అడిగింది. అడోబో అన్నారు. ఎన్ని ముక్కలని అడిగింది. రెండు, ఒక్కోసారి ఒకటిన్నర. అప్పుడు గిన్నెలో నీళ్లు పోసి, చెంచా ఆయన చేతికిచ్చి, పులుసు ఎంత వేసుకునేవారో చూపించమంది. ఆయన గిన్నెలోంచి ఒక్క చెంచా నీళ్లు తీసి అన్నం మీద వంచినట్టు వంచి, చెంచా కింద పెట్టేశారు. అన్నానికి కాస్త రంగు రావాలి, అంతే అన్నారు. మిగతాది గిన్నెలోనే ఉండేదట. రాత్రికి ఫ్రిజ్‌లో పెడితే పైన కొవ్వు తెల్లగా పేరుకునేది. టీటా దాన్ని గరిటెతో ఎత్తి పారేసేదట. మరి ఇప్పుడెందుకు తినటం లేదంటే, "ఇంట్లో వాసనే లేదు, ఆకలెలా వేస్తుంది" అన్నారు.

ఆవిడ నావైపు తిరిగి, నువ్వు వాళ్లింట్లోనే ఉంటావు కదా, ఆయన తినటం ఎప్పుడూ చూడలేదా అని అడిగింది. గొంతులో కోపం కూడా లేదు, మామూలుగానే అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది. తినకముందు కంచం తూచి, తిన్నాక మిగిలింది తూచి, ఆ తేడాను మనిషి తిన్నట్టు రాసుకోవాలని మా పుస్తకంలో మొదటి పాఠం. నేను గిన్నెలోకి వెళ్లిందంతా తూచాను. గిన్నెలోంచి మనిషిలోకి ఏం వెళ్లిందో చూడలేదు. నేను నోరు తెరిచేలోపే ఆయనే అందుకుని, ఆ అమ్మాయి చదువుకునే పిల్ల, ఎప్పుడూ ముందే తినేసి వస్తుంది అన్నారు. నన్ను వెనకేసుకొచ్చారు. ఆ మాట ఈనాటికీ గుచ్చుకుంటుంది.

టీటాను వంటశాలలో కలిసి తప్పంతా ఒప్పుకున్నాను. ట్రేల మధ్య నిలబడి, చేతి తొడుగులు తీయకుండానే విన్నది. ఆవిడకు తెలుసట. ఆయన అంత పులుసు తినడని మొదటిరోజే తెలుసు. మరి చెప్పలేదేమని అడిగితే, అంత ముచ్చటగా రాసుకున్నావు, తప్పని ఎలా చెప్పను అంది. తర్వాత ఆవిడ అన్న ఇంగ్లీషు నాకు ఇంకా మాటమాటగా గుర్తుంది, దాన్ని తెలుగులో చెబుతున్నాను: "నువ్వు అన్నీ తూచావు. ఇంక బల్ల దగ్గర కూర్చుంటావు, అప్పుడు నీకే తెలుస్తుంది అనుకున్నా. ప్రతి ఆదివారం అనుకున్నా."

ఆ సాయంత్రం అమ్మకు ఫోన్ చేసి ఏడ్చాను. ముసలాయన ప్రాణం మీదకు తెచ్చానని, పరీక్ష పోతుందని, ఇంటికి వచ్చేస్తానని. అమ్మ అంతా విని, "పంది మాంసం తినకపోతే మానెయ్యవే, ఎవరు తినమన్నారు నిన్ను? కూర్చోటానికేం రోగం? పక్కన మనిషుంటే పెద్దాయన నాలుగు ముద్దలు ఎక్కువ తింటాడు" అంది. అమ్మ చదివింది అయిదో తరగతి. ఆ తర్వాత ఇన్నేళ్లలో ముసలివాళ్ల ఆకలి గురించి అంతకంటే పనికొచ్చే మాట నేనెక్కడా వినలేదు.

టీటో నెస్టర్ ఇంటికి వచ్చిన ఆదివారం టీటా మళ్లీ అడోబో ఎక్కించింది. వాసన మెట్ల దాకా వచ్చింది. మేరీ పిల్లలు తాతయ్య చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకోవటం చూశాను, మనం కాళ్లకు దండం పెట్టినట్టు. నేనూ అలాగే చేశాను. ఆయన "కాయిన్ తాయో" అనేలోపే కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆయన నవ్వటం చూడటం అదే మొదటిసారి. టీటా నా కంచంలో కోడిముక్కలు మాత్రమే వేసింది. ఏది ఏదో నేను అడగనే లేదు, తనకు తెలుసు. పులుసు చెంచాతో పోయబోతే, అలవాటు కొద్దీ ఇంకా, ఇంకా అన్నాను. అన్నమంతా కలుపుకుని చేత్తో తింటుంటే ఇద్దరూ తినటం ఆపి వింతగా చూశారు. ఆ గిన్నెలో ఉప్పంతా తినగల మనిషి ఆ బల్ల దగ్గర ఎవరైనా ఉంటే అది నేనే.

ఈసారి కంచాలు తూచాను. ముందూ తూచాను, తర్వాతా తూచాను. గిన్నెలో మిగిలిన పులుసు తూచాను, మర్నాడు పేరుకున్న కొవ్వు తూచాను. ఆయన లోపలికి వెళ్లిన ఉప్పు నా మొదటి లెక్కలో మూడో వంతు కూడా లేదు. పులుపు ఉన్నచోట ఉప్పు తక్కువైనా నాలుక ఊరుకుంటుంది కనుక సోయా సాస్ ఇంకొంచెం తగ్గించినా ఆయనకు తెలియలేదు. ఫ్రిజ్ మీది కాగితం పీకి, ఎర్ర రాతలు కంటపడకుండా గబుక్కున తిప్పి, వెనక వైపు నీలం ఇంకుతో రాశాను. రెండు ముక్కలు, ఒక చెంచా పులుసు, పేరుకున్న కొవ్వు తీసెయ్యాలి, వారానికి ఒకసారి, పక్కన ఆకుకూర. నీలం వైపు పైకి పెట్టి మళ్లీ అంటించాను. ఎర్ర వైపు తలుపుకు ఆనుకుపోయింది. ఆయన బరువు నెమ్మదిగా వచ్చింది, బీపీ అదుపులోనే ఉంది. చాలా ఏళ్లు బతికారు.

నేనున్న మిగతా నెలలన్నీ ఆ బల్ల దగ్గరే తిన్నాను. పరీక్ష పాసయ్యాను, ఉద్యోగం చేశాను, పెళ్లయింది, ఊళ్లు మారాయి. వార్డులో రోగి పక్కన కూర్చున్నప్పుడు నా జేబులోనూ ఒక చెంచా ఉండేది. ఇప్పుడు వార్డుల్లో చెంచాల పని తగ్గింది, అన్నీ తెరల మీద కనిపిస్తాయి. అప్పుడు ఒక ఆదివారమంతా పట్టిన లెక్క ఇప్పుడు మేఘన ఫోన్‌లో రెప్పపాటులో వస్తుంది. బాగానే ఉంది, తప్పుపట్టను. నేను ఆ పట్టికలతో కుస్తీ పట్టి సాధించింది ఏమిటో నాకు తెలుసు. అయితే ఒకటి అనిపిస్తుంది. మేమిద్దరం ఒకే ఇంట్లో, ఒకే కూర, వేరువేరు వేళల్లో తింటాం. మా అమ్మాయి ఏం తింటోందో దాని ఫోన్‌కు తెలిసినంత నాకు తెలియదు.

ఇదంతా తలచుకుంటూ నిలబడితే వెనిగర్ పొంగి, పచ్చివాసన పోయి, మిరియం వాసన పైకి వచ్చింది. మంట తగ్గించి, అప్పుడు ఉప్పు డబ్బా పక్కకు జరిపి కాగితం తిప్పాను. ఎర్ర ఇంకు గులాబీ రంగుకు వెలిసిపోయింది. నెలకు ఒక్కసారి మించరాదు. ఆ గీతలు, ఆ అధికారం చూస్తే ఇప్పటికీ సిగ్గేసింది. కళ్లు పైకి వెళ్లాయి. ఎంతమందికి అన్నచోట నేను వేసిన 2 మీద ఒక సన్నటి గీత ఉంది. దాని పక్కన పెన్సిలుతో, ట్రేల మీద చీటీలు రాసే టీటా గుండ్రటి చేతిరాతతో, 3 అని ఉంది.

తిప్పి అంటించాక ఈ వైపు తలుపుకు ఆనుకునే ఉంది, అక్కడ రాయటానికి వీల్లేదు. రాస్తే ఆ ఆరు వారాల్లోనే రాసి ఉండాలి. అంటే నేను రోజూ దాని పక్కనుంచే తిన్నానండి అంటూ వెళ్లాను. ఆ గిన్నె ఏ ఆదివారమూ ఇద్దరికి వండింది కాదు. నేను ఆయన లెక్కలో వేసిన ఉప్పులో, కొవ్వులో మూడో వంతు నా వాటా. నా కోసం వండి, నేను కూర్చోకపోతే తీసి పక్కన పెట్టింది. ఆవిడ తప్పు దిద్దింది, నేను చూడలేదు. ఆవిడ బతికుండగా ఒక్కసారి ఈ కాగితం తిప్పి చూసి ఉంటే ఫోన్ చేసి క్షమించమని అడిగేదాన్ని. ఇప్పుడు ఎవరిని అడగను?

మేఘన వాసనకు కిందికి దిగి వచ్చింది. ముక్కు మూసుకుంటూనే గిన్నెలోకి తొంగిచూసి, ఫోన్ తీసి అందులో అడోబో వెతికింది. పేరు దొరికింది, కోడితో చేసిందని కూడా నొక్కింది. తలెత్తకుండానే, "మమ్, హౌ మెనీ సర్వ్స్?" అంది, ఎంతమందికని.

"మూడు," అన్నాను.

ఇద్దరమే కదా అన్నట్టు చూసింది గానీ మూడు నొక్కింది. ముందు గది తలుపు తీసిన చప్పుడైంది. స్రవంతి డ్యూటీకి బయల్దేరుతోంది, భుజాన సంచి. రా, తిందువుగాని అని పిలిచాను. "తిన్న ఆంటీ" అంది, ఎప్పటిలాగే నవ్వుతూ, చెప్పుల్లో కాలు పెడుతూ. నేను వెళ్లి ఆ సంచి భుజం మీంచి తీసి కుర్చీకి తగిలించాను. బస్సుకు ఇంకా టైముందా అని అడిగితే, ఇరవై నిమిషాలుందని చెప్పి, ఒక కాలికే చెప్పుతో నిలబడింది.

"తినకున్నా సరే, ఊరికే కూర్చో," అని, మూడో కంచం పెట్టాను.